ఎగిరే పళ్లాలూ, ఒక ఫిజిక్సు ప్రొఫెసరూ, మా నాయినా

బి.ఎస్సి. (ఎం.పి.సి.), ఆఖరు సంవత్సరం

ఎగిరే పళ్లాల మీద వ్యాసమా అని పేజీ తిప్పెయ్యబోతున్న మిత్రులారా, ఒక్క నిమిషం ఆగండి. సావనీరు సంపాదకవర్గంలోని మిత్రులు కూడా మొదట మీలాగే ముఖం పెట్టారు. "సైన్సు విద్యార్థివి, ఏ సూర్యశక్తి మీదనో, సెమీకండక్టర్ల మీదనో రాయరాదా?" అన్నారు. రాయవచ్చు. కాని అవి నాకంటే బాగా రాయగలవాళ్లు మన కాలేజీలో పదిమంది ఉన్నారు. నేను రాయదలచుకున్నది, ఆకాశంలో ఏదో చూశామన్న మనుషుల మాట కూర్చుని ఓపిగ్గా విన్న ఒక ఫిజిక్సు ప్రొఫెసరు సంగతి. ఆయన మీద నాకు గౌరవమూ ఉంది, కొంత తగాదా కూడా ఉంది.

ఆయన పేరు జేమ్స్ మెక్‌డొనాల్డ్. 1920లో అమెరికాలో, మినెసోటా రాష్ట్రంలోని డులూత్‌లో పుట్టాడు. కెమిస్ట్రీతో డిగ్రీ, ఎం.ఐ.టి.లో వాతావరణశాస్త్రం, 1951లో అయోవా స్టేట్‌లో ఫిజిక్సు డాక్టరేటు. 1954లో ఆరిజోనా విశ్వవిద్యాలయానికి వచ్చి, అక్కడ వాతావరణ భౌతికశాస్త్ర సంస్థను నిలబెట్టినవారిలో ఒకడయ్యాడు. ఆయన అసలు పని మబ్బులు. మబ్బులో నీటిబొట్టు ఎట్లా పుడుతుంది, ఎట్లా గడ్డకడుతుంది, మనవాళ్లు మేఘమథనం అంటారే, దానితో నిజంగా వాన పడుతుందా లేక ఎట్లాగూ పడవలసిన వానే పడుతుందా అన్నవి ఆయన చూసిన ప్రశ్నలు. మా ఊరి రైతులకు చెబితే ఫ్లయింగ్ సాసర్ల కంటే ఈ సంగతే శ్రద్ధగా వింటారు.

ఈ మనిషి నాకు ఎదురైంది మన లైబ్రరీలో. ఆప్టిక్సు పుస్తకం కోసం వెతుకుతుంటే, 1972లో కార్ల్ సేగన్, థార్న్‌టన్ పేజ్ కలిసి కూర్చిన వ్యాససంపుటి ఒకటి చేతికి తగిలింది. 1969 డిసెంబరులో బోస్టన్‌లో అమెరికా శాస్త్రాభివృద్ధి సంఘం సభల్లో ఈ విషయం మీద జరిగిన చర్చల పుస్తకం అది. నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ అందులో పక్కపక్కనే ఉన్నారు. మెక్‌డొనాల్డ్ వ్యాసం సుదీర్ఘమైనది. ఆప్టిక్సు పుస్తకం దొరకలేదు గాని, ఆ సాయంత్రం హాస్టల్ మెస్సు వేళ దాటిపోయింది.

పళ్లాల పురాణం తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. 1947 జూన్ 24న కెన్నెత్ ఆర్నాల్డ్ అనే పైలటు వాషింగ్టన్ రాష్ట్రంలో రెయినియర్ పర్వతం దగ్గర తొమ్మిది మెరిసే వస్తువులు వరుసగా ఎగిరిపోవడం చూశాడు. నీళ్లమీద సాసరు విసిరితే ఎట్లా ఎగిరెగిరి పడుతుందో అవి అట్లా కదిలాయని అన్నాడు. కదలిక గురించి అన్న మాటను పత్రికలవాళ్లు ఆకారానికి అంటగట్టి "ఫ్లయింగ్ సాసర్" అని పేరు పెట్టారు. ఆ తరువాత జనానికి అన్నీ సాసర్లే కనిపించాయి! "ఎట్లా కదిలింది?", "ఎట్లా ఉంది?" అని రెండు ప్రశ్నలు వేరువేరుగా అడిగి ఉంటే ఈ పేరే పుట్టేది కాదు కాబోలు. అమెరికా వైమానికదళం ఇటువంటి కబుర్లను పోగుచేసే పని ఏళ్ల తరబడి చేసి 1969 డిసెంబరులో మూసేసింది. లెక్కకు వచ్చినవి 12,618. వాటిలో 701 ఏమిటో తేలలేదని వాళ్లే రాసుకున్నారు. మిగిలినవి శుక్రగ్రహం, బెలూన్లు, విమానాలు, ఉల్కలు వగైరా.

మెక్‌డొనాల్డ్‌కు ఈ గొడవ ఎందుకు పట్టుకుంది? 1954లో మరి ఇద్దరు వాతావరణశాస్త్రజ్ఞులతో కారులో ఆరిజోనా ఎడారి దాటుతుంటే, ముగ్గురికీ అంతుపట్టనిది ఏదో ఆకాశంలో కనబడిందట. ఆకాశం చూడటమే వృత్తి అయిన ముగ్గురు! అయినా ఆయన దాని గురించి అరిచి గోల చెయ్యలేదు. 1950ల చివరినుంచి టూసన్ చుట్టుపక్కల ఎవరు ఏదైనా చూశామన్నా, తీరిక వేళల్లో, సొంతంగా, చప్పుడు లేకుండా వెళ్లి అడిగి రావడం మొదలుపెట్టాడు. పగలు మబ్బులు, సాయంత్రం సాక్షులు. 1966 దాకా ఇట్లాగే సాగింది. ఎక్కువ భాగం శుక్రుడో, విమానమో అని ఆయనే తేల్చేసేవాడు. కొన్ని తేలేవి కావు.

ఆయన పనితీరు తెలియాలంటే 1963 నాటి వలయాకారపు మబ్బు సంగతి చెప్పాలి. ఇది పళ్లెం కేసు కాదు, కాని నాకు ఆయన మీద గురి కుదిరింది దీనితోనే. ఆ ఏడు ఫిబ్రవరి 28 సాయంత్రం ఉత్తర ఆరిజోనా ఆకాశంలో ఉంగరం లాంటి పెద్ద మబ్బు కనిపించింది. పొద్దు గూకిన తరువాత కూడా, కింద నేల చీకటి పడుతున్నా, అది మాత్రం వెలుగుతూనే ఉంది. మెక్‌డొనాల్డ్ ఏం చేశాడు? ఫొటోలు తీసినవాళ్లు పంపండి, ఎక్కడ నిలబడి తీశారో రాయండి అని జనాన్ని అడిగాడు. మామూలు మనుషులు వేరువేరు ఊళ్లనుంచి పంపిన ఫొటోల్లో కోణాలు కొలిచి, మనం ఇంటర్‌లో చేసిన త్రికోణమితే చేసి, ఆ మబ్బు సుమారు 43 కిలోమీటర్ల ఎత్తున ఉందని తేల్చాడు. అంత ఎత్తున మబ్బుకు తగినంత నీటి ఆవిరి ఉండదు. మరి ఏమిటది? అదే మధ్యాహ్నం కాలిఫోర్నియా తీరాన దారి తప్పిన ఒక రాకెట్‌ను ఆకాశంలోనే పేల్చేశారు. దాని తాలూకు పొగే అయివుంటుందని తరువాత చాలామంది ఒప్పుకున్నారు. మెక్‌డొనాల్డ్ వ్యాసం అదే ఏడు "సైన్స్" పత్రికలో వచ్చింది.

పొద్దు గూకినా అది ఎందుకు వెలిగిందో లెక్క వేసి చూడండి, పెద్ద కష్టం కాదు. భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు. వస్తువు ఎత్తు 43 అనుకుంటే, సూర్యుడు మన దిగంతానికి సుమారు 6.7 డిగ్రీలు కిందికి దిగేదాకా నడినెత్తిన ఉన్న ఆ వస్తువు మీద ఎండ పడుతూనే ఉంటుంది. గంటకు 15 డిగ్రీల చొప్పున పోయే సూర్యుడికి అంటే సుమారు అరగంట. కింద మనకు చీకటి, పైన దానికి పట్టపగలు. ఈ లెక్క గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది.

ఇక మా నాయిన సంగతి.

మా ఊరు వికారాబాద్ జిల్లా. నేను చెప్పబోయేది జరిగిన 2015 డిసెంబరు నాటికి ఇంకా రంగారెడ్డి జిల్లానే. అప్పట్లో వ్యవసాయానికి కరెంటు వంతులవారీగా వచ్చేది. 24 గంటల కరెంటు 2018 జనవరి మాట. రాత్రి వంతు వచ్చిందంటే రైతు బాయికాడ పడుకోవలసిందే. చలిలో, చీకట్లో, చేతిలో ఒక బ్యాటరీ లైటుతో స్టార్టరు నొక్కడానికి పోయిన తండ్రులున్న పిల్లలు మన క్లాసుల్లో చాలామందే ఉన్నారు. వాళ్లకు వేరే వర్ణించి చెప్పక్కరలేదు.

ఆ రాత్రి ఉల్లిగడ్డకు నీళ్లు పెడుతూ మా నాయిన పడమటి దిక్కున, చింతచెట్టు మీదుగా, ఒక వెలుగు చూశాడు. తెల్లగా, పెట్రోమాక్సు లైటు లెక్క. చప్పుడు లేదు, కదలిక లేదు. కొంతసేపు ఉంది. మడి మళ్లించి తలెత్తితే లేదు.

తెల్లవారి హోటలు కాడ చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను, అయిదో తరగతి, చేతిలో చాయ్ బిస్కట్టు. అక్కడ పేపరు చదువుతున్న చదువుకున్న పెద్దమనిషి ఒకాయన పేపరు దించకుండానే, "రాత్రి కల్లు జర ఎక్కువైనట్టుంది" అన్నాడు. హోటలంతా నవ్వింది. మా నాయిన కల్లు ముట్టడు, ఆ సంగతి నవ్వినవాళ్లందరికీ తెలుసు. ఆయన కూడా నవ్వి, చాయ్ తాగి, సైకిలు మీద నన్ను ఎక్కించుకొని వచ్చేశాడు. దారిలో ఏమీ మాట్లాడలేదు. మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

ఇంటర్‌లో ఉన్నప్పుడు ఇది ఏమై ఉంటుందని ఒక లెక్చరర్‌ను అడిగాను. "ఎంసెట్‌లో వచ్చేది అడుగు" అన్నారు. ఆయనను తప్పుపట్టను. నూట ఇరవై మంది ఉన్న సెక్షను, సిలబస్ పూర్తి కావాలి. కాని రెండూ కలిపి చూస్తే, ఒకరు నవ్వారు, ఒకరికి తీరిక లేదు, అడిగినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

మెక్‌డొనాల్డ్ వ్యాసం చదివిన తరువాత వచ్చిన సంక్రాంతి సెలవుల్లో, నోటుబుక్కు, కోణమానిని, ఒక దారం, దారానికి కట్టడానికి చిన్న రాయి పట్టుకొని ఇంటికి పోయాను. ఆయన పద్ధతి సారాంశం ఇంతే: చూసిన మనిషితోనే మాట్లాడాలి, ఇంకొకరు చెప్పింది వినకూడదు. నీ వివరణ ముందు చెప్పకూడదు. అడిగినదే ఇంకో రకంగా మళ్లీ అడగాలి. తెలిసిన వస్తువులతో పోల్చి చూడాలి, ఆ రాత్రి వాతావరణం లెక్కలు తెప్పించుకోవాలి. ఆయన ఇట్లా ముఖాముఖి గాని, ఫోనులో గాని అయిదువందల మంది పైచిలుకు సాక్షులను విచారించాడు. చాలా సంభాషణలు టేపుల మీద ఎక్కించాడు.

మా నాయినను చేనులోకే తీసుకుపోయాను. "ఏడ నిలబడ్డవో ఆడనే నిలబడు" అన్నాను. నిలబడ్డాడు. "ఎంత ఎత్తుల ఉండె?" అంటే చెయ్యి చాపి చూపించాడు. దారం వేలాడదీసి కొలిస్తే 22 డిగ్రీలు. గంట తరువాత ఇంకో పని మధ్యలో మళ్లీ అడిగితే 24. అది చాలు. "ఎంతసేపు ఉండె?" అన్న ప్రశ్నకు వచ్చిన జవాబు మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకదు. "మూడు మళ్లు పారేదాంక" అన్నాడు. గడియారం చూడలేదు, మళ్లు చూశాడు. నేను ఆ రోజే ఒక మడి పారడానికి ఎంతసేపు పడుతుందో వాచీ పెట్టి చూశాను: 11 నిమిషాలు. "అప్పుడు బోరు రెండించులు పోసేది, ఇప్పుడు ఒకటిన్నర కూడ లేదు" అని ఆయనే సవరించాడు. కాబట్టి మడికి ఎనిమిది నిమిషాలు వేసుకున్నా, మొత్తం సుమారు 25 నిమిషాలు. వేళ ఎంత? "కరెంటు ఒంటిగంటకు వచ్చె. ఆరేడు మళ్లు పారినంక కనబడ్డది." అంటే రెండు గంటలకు కొంచెం అటూ ఇటూ.

"ఏందిరా, పోలీసు సారు లెక్క అడుగుతున్నవు" అని నవ్వాడు గాని, ఆ సాయంత్రం బాయిగడ్డ మీద కూర్చొని ఇంకో గంట చెప్పాడు. కుక్క మొరగలేదని, గాలి లేదని, మంచు దిగుతోందని, చేను గట్టుమీద తన నీడ పడిందా అని చూసుకున్నాడట, పడలేదని. చూడండి, నీడ పడిందా లేదా అని చూసుకోవాలని ఎవరు చెప్పారు ఆయనకు? మూడో తరగతితో బడి మానేసిన మనిషి వెలుతురు తీవ్రత కొలిచాడు!

ఇక నేను నా లెక్కలకు కూర్చున్నాను. శుక్రుడా? సూర్యుడికి 47 డిగ్రీల కంటే దూరం పోడు గనుక రాత్రి రెండు గంటలకు ఆకాశంలోనే ఉండడు. గురుడా? సెల్‌ఫోనులోని నక్షత్రపటంలో 2015 డిసెంబరుకు పోయి చూస్తే, ఆ వేళకు గురుడు తూర్పున ఉన్నాడు, పడమట కాదు. సిరియస్ నక్షత్రం దక్షిణాన, బాగా ఎత్తున ఉంది. విమానమా? శంషాబాద్‌కు దిగే విమానం మనకు ఎదురుగా వస్తే దాని ముందు దీపం ఆగిపోయినట్టే కనిపిస్తుంది. అదీ ఒకటి రెండు నిమిషాలు, మహా అయితే అయిదు. 25 కాదు.

నేను ఎక్కువ ఆశ పెట్టుకున్నది బెలూను మీద. హైదరాబాదులో టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రం దశాబ్దాలుగా చలికాలంలో పరిశోధనల కోసం పెద్దపెద్ద ప్లాస్టిక్ బెలూన్లు వదులుతోంది. అవి 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తు పోతాయి. ఎక్కువగా రాత్రో తెల్లవారుజామునో వదులుతారు. మా వైపు వాటి సంగతి కొత్త కాదు. 2022 డిసెంబరు 7న మర్పల్లి మండలంలో ఒక పొలంలో పెద్ద గుండ్రటి పెట్టె దిగితే జనం బళ్లు కట్టుకొని పోయినట్టు పోయి చూశారు. మనుషులను అంతరిక్షం అంచుదాకా బెలూనులో తీసుకుపోవాలని స్పెయిన్‌కు చెందిన ఒక సంస్థ తయారుచేస్తున్న పెట్టెకు నమూనా అది. ఈ కేంద్రం నుంచే వదిలారు. మా నాయిన కూడా మోటారు సైకిలు మీద పోయి చూసి వచ్చాడు. "గిదేనా నువ్వు చూసింది?" అన్నాను. "గిది గాదు" అన్నాడు. పెట్టె వేరు, ఎత్తున వెలిగే బెలూను వేరు అని నేను వాదించాను.

కాని ఇందాకటి లెక్క నన్నే పట్టుకుంది. ఎత్తు 35 కిలోమీటర్లు వేసుకుంటే కోణం ఆరు డిగ్రీలు. మా అక్షాంశంలో పొద్దు పొడవడానికి సుమారు 25 నిమిషాల ముందు మాత్రమే ఆ బెలూనుకు ఎండ తగులుతుంది. తూర్పు దిక్కుకు ఇంకొంచెం ముందు, పడమటికి ఇంకొంచెం ఆలస్యం. డిసెంబరులో పొద్దుపొడుపు ఆరున్నర దాటాక. రెండు గంటల రాత్రి ఆ బెలూను మీద ఎండ ఎక్కడిది? అన్నీ కుదిరాయి, వేళ ఒక్కటి కుదరలేదు. వేళ విషయంలో నాయిన పొరబడ్డాడని రాసేస్తే కేసు మూతపడుతుంది. అట్లా రాసుకొనే అధికారం నాకు ఎవరిచ్చారు? కరెంటు వంతు ఏ గంటకు వస్తుందో రైతుకు తెలిసినట్టు మన హాస్టలు గంట మనకు కూడా తెలియదు. నోటుబుక్కులో ఆ గడిలో "తెలియదు" అని రాసి ఉంచాను.

మెక్‌డొనాల్డ్ పెట్టుకున్న తగాదా కూడా సరిగ్గా ఇక్కడే. ఆ రోజుల్లో హార్వర్డ్ ఖగోళశాస్త్రజ్ఞుడు డొనాల్డ్ మెన్జెల్ చాలా కేసులకు ఎండమావులే కారణమని చెప్పేవాడు. నేలమీది చల్లగాలి పైన వెచ్చగాలి పొర ఉంటే వెలుతురు వంగుతుంది, దూరపు దీపం ఆకాశంలో కనబడుతుంది. సూత్రం నిజమే. ఎంత వంగుతుంది అన్నది మెక్‌డొనాల్డ్ ప్రశ్న. గాలి పొరలు ఆయన సొంత ఇల్లు లాంటివి. అట్లాంటి ఎండమావి దిగంతానికి ఒక డిగ్రీ లోపలే కనిపించగలదు గాని, ఇరవై ముప్పై డిగ్రీల ఎత్తున కనిపించదని లెక్కగట్టి చూపించాడు. 1952 జులైలో వాషింగ్టన్ నగరం మీద రాడార్లలో వింత గుర్తులు కనిపించినప్పుడు వైమానికదళం వారు "ఉష్ణోగ్రతా విలోమం" అని తేల్చేశారు. ఆయన ఆ రాత్రి బెలూన్లు పంపి కొలిచిన ఉష్ణోగ్రతలు తెప్పించి, ఆ విలోమం రాడారును అంతగా మోసగించడానికి సరిపోదన్నాడు, రాడారు ముందు కూర్చున్నవాళ్లనే వెతికి పట్టుకొని అడిగాడు. పేరు పెడితే వివరణ అయిపోయినట్టు కాదు, అంకె వెయ్యి అన్నది ఆయన వాదం. మన ప్రాక్టికల్ రికార్డుల్లో "ప్రయోగ దోషం" అని రాసి తప్పించుకునే మనకు ఇది కొంచెం గుచ్చుకోవాలి.

1966లో వైమానికదళం ఫైళ్లు స్వయంగా చూసిన తరువాత ఆయన గుట్టు విడిచి బయటికి వచ్చాడు. ఆ ఏడే కొలరాడో విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ కాండన్ నాయకత్వాన ప్రభుత్వ ఖర్చుతో విచారణ మొదలైంది. స్పెక్ట్రోస్కోపీలో ఫ్రాంక్–కాండన్ సూత్రం బట్టీపట్టిన మిత్రులారా, ఆ కాండనే ఈ కాండన్! ఇంకా పరిశోధిస్తే సైన్సుకు ఒరిగేదేమీ లేదని 1969 జనవరిలో ఆ నివేదిక తీర్పు చెప్పింది. కాని అదే నివేదిక లోపలి పేజీల్లో తేలని కేసులు ఉండనే ఉన్నాయి. ముందుమాట ఒకటి చెబితే లోపలి కథ ఇంకొకటి చెప్పింది. మెక్‌డొనాల్డ్ దానిమీద ఊరూరా తిరిగి వాదించాడు. 1968 జులై 29న అమెరికా ప్రతినిధుల సభ సైన్సు కమిటీ ముందు సేగన్‌తోపాటు మాట్లాడాడు కూడా.

ఇక్కడ ఆయనతో నా తగాదా చెప్పుకోవాలి. ఉన్న ఊహల్లోకెల్లా అన్య లోకాలనుంచి వచ్చిన వాహనాలన్న ఊహే తక్కువ అసంతృప్తి కలిగించేదని ఆయన అనేవాడు. నేను అంత దూరం పోలేను. మా నాయిన చేతి కోణం నాకు దిక్కు ఇచ్చింది, ఎత్తు ఇచ్చింది, దూరం ఇవ్వలేదు. దూరం తెలియని వెలుగు అరచేతి దీపమైనా కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. దూరం లేనిదే పరిమాణం లేదు, వేగం లేదు. అయిదువందల మంది నిజాయితీపరులను కలిపినా ఆ ఒక్క అంకె పుట్టదు. వలయపు మబ్బు విషయంలో ఆయన గెలిచింది ఫొటోలు వేరువేరు ఊళ్లనుంచి వచ్చాయి గనుక. ఎండమావి వాళ్లను అంకె అడిగిన మనిషి, తన వాహనాల దగ్గరికి వచ్చేసరికి అదే పట్టు పట్టలేదేమో అనిపిస్తుంది. ఇది ఇరవై ఏళ్ల కుర్రకారు మాట అని పెద్దలు నవ్వితే నవ్వనీయండి.

ఆయన చివరి కథ వేరే ఉంది. ధ్వనికంటే వేగంగా పోయే ప్రయాణీకుల విమానాల దండును అమెరికా కట్టాలనుకుంటున్న రోజులవి. వందల కొద్దీ విమానాలు అంత ఎత్తున నీటి ఆవిరి వదిలితే ఓజోన్ పొర పలచబడి, కిందికి అతినీలలోహిత కిరణాలు ఎక్కువ దిగి, చర్మ క్యాన్సర్ పెరుగుతుందని మెక్‌డొనాల్డ్ లెక్క వేశాడు. 1971 మార్చిలో ప్రతినిధుల సభ కమిటీ ముందు ఆ సంగతి చెప్పడానికి వెళితే, ఒక సభ్యుడు ఓజోన్ విడిచిపెట్టి పళ్లాల గురించి అడగడం మొదలుపెట్టాడు. గదిలో నవ్వులు. చర్మం, కిరణాలు, అంకెలు అన్నీ పక్కకుపోయాయి. విమానాలకు డబ్బు ఆ నెలలోనే ఆగిపోయింది, దానికి ఖర్చు, శబ్దం వంటి వేరే కారణాలు చాలా ఉన్నాయి.

1971 జూన్ 13న మెక్‌డొనాల్డ్ తన ప్రాణం తానే తీసుకున్నాడు. 51 ఏళ్లు. భార్య, ఆరుగురు పిల్లలు. ఇంటి కష్టాలు కూడా ఉన్నాయని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. ఒక మనిషి చావును ఒక్క కారణానికి కట్టెయ్యడం నాకు ఇష్టం లేదు, ఆ నవ్వే చంపిందని రాయను. ఓజోన్ కథ మాత్రం ఆగలేదు. ఆవిరికంటే నత్రజని ఆక్సైడులు ప్రమాదమని ఆ ఏడే వేరొకరు చూపారు. 1974లో మోలినా, రోలండ్ ఫ్రిజ్ వాయువుల సంగతి బయటపెట్టారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ రంధ్రం ప్రపంచానికి తెలిసింది. 1987లో మాంట్రియల్ ఒప్పందం, 1995లో క్రుట్జెన్‌తో కలిసి ఆ ఇద్దరికీ నోబెల్. మెక్‌డొనాల్డ్ చెప్పిన యంత్రాంగం సరిగ్గా అదే కాదు, కాని చూడమన్న దిక్కు అదే.

2023 సెప్టెంబరులో నాసా వేసిన పదహారు మంది నిపుణుల బృందం ఒక నివేదిక ఇచ్చింది. అన్య లోకాల ఆధారమేదీ వాళ్లకు కనబడలేదు. మంచి కొలతలు లేకపోవడమే అసలు చిక్కు అన్నారు. దానితోపాటు, నవ్వుతారన్న భయంతో చూసినవాళ్లు చెప్పకపోవడం కూడా కొలతలు లేకపోవడానికి ఒక కారణమని రాశారు. ఆ ముక్క చదివినప్పుడు నాకు హోటలూ, దించని పేపరూ గుర్తొచ్చాయి.

మొన్న ఫోనులో మెక్‌డొనాల్డ్ కథంతా నాయినకు చెప్పాను. పిల్లలు ఎంతమంది అని అడిగాడు, ఆరుగురు అంటే కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "వాగవతల పెద్దాయన కూడ ఆ రాత్రి బాయికాడనే ఉండె, బిడ్డా. ఇద్దరిది ఒకటే వంతు" అన్నాడు. వాళ్ల బావి మా చేనుకు కిలోమీటరున్నర దక్షిణాన. నాయిన చూసింది దగ్గరి దీపమైతే అక్కడినుంచి దాని దిక్కు బాగా మారిపోయి ఉండాలి, చాలా దూరంలోనిదైతే మారకూడదు. పెద్దాయనకు డెబ్బై దాటాయి గాని మనిషి గట్టివాడే. "ఆయన చూసిండా?" అంటే, "నేనెన్నడు అడగలే" అన్నాడు నాయిన.

పరీక్షలు కాగానే ఊరికి పోతున్నాను. కోణమానిని సంచిలో పెట్టేశాను. పెద్దాయనను నేను అడిగేదాకా పడమర అని గాని, చింతచెట్టు అని గాని ఒక్క మాట కూడా ఆయన చెవిన వెయ్యవద్దని నాయినకు మరీమరీ చెప్పాను. "వెయ్యను తియ్యి" అన్నాడు.